తాడు లాగేదా, తడిస్తే ఉబ్బేదా

అది ఆక్టోపస్ వేట మొదలయ్యే రోజు. కెర్కెన్నా దీవిలో ఆ పొద్దున ఎవరేం చేయాలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. జాలరి నాజీ ఎనిమిదింటికి రేవు అధికారి దగ్గర వేట చీటీ తీసుకోవాలి. మన్సూర్ కంటే ముందు తూర్పు తిప్ప చేరాలి. ఆక్టోపస్‌లు దూరి దాక్కునేలా తాడుకు కట్టిన అరవై మట్టి ముంతల్ని నీళ్లలో దించాలి. ముందు దించినవాడిదే ఆ చోటు, వేట ముగిసేదాకా. పోయినేడు మన్సూర్ దించాడు. ఆ డబ్బుతో మన్సూర్ కొనుక్కున్న కొత్త ఇంజను చప్పుడు వింటూ నాజీ ఆ ఏడాదంతా గడిపాడు.

ఈసారి కొత్త నియమం ఒకటి వచ్చింది. గాలి నిండే లైఫ్ జాకెట్టు లేనివాడికి చీటీ లేదు. నాజీ స్ఫాక్స్ పట్నం వెళ్లి దుకాణదారును అడిగి రెండు రకాలూ తెచ్చాడు. ఒకటి ఉంచుకుని, రెండోదాన్ని వాడకుండా తిప్పి పంపాలి. మొదటిది ఎర్ర పిడి ఉన్న తాడు లాగితే ఉబ్బుతుంది. రెండోదానికి లాగే పని లేదు. నడుము దగ్గర చిన్న బిళ్ల ఉంటుంది. అది తడిసి కరిగితే గ్యాసు బుడ్డికి చిల్లుపడి, జాకెట్టు దానంతటదే ఉబ్బుతుంది.

వారం నుంచి ఇంట్లో ఇదే మాట.

"తడిస్తే ఉబ్బేదే మంచిది," అంది తల్లి మబ్రూకా. "మీ నాన్న తలకి తెరచాప వాసం తగిలిన రోజు నీళ్లలో పాతగుడ్డలా పడున్నాడు. మన్సూర్ వాళ్ల నాన్న లాగబట్టి సరిపోయింది. స్పృహ లేనివాడు తాడేం లాగుతాడు?"

"ముంతలు తోడేవాడి ఒళ్లు ఎప్పుడు ఆరుతుందమ్మా? పదకొండింటికల్లా బిళ్ల కరిగి కూచుంటుంది."

"సముద్రమో చెమటో దానికెలా తెలుస్తుందిరా?"

"తెలీదు. నేను చెప్పేదీ అదే."

"ఈతొచ్చినవాడికి ఏదైనా ఒకటే," అంది భార్య దలీలా. నలభై ఏళ్లుగా పడవ నడుపుతున్న నాజీకి ఈత రాదు. ఆ సంగతి ఆ ముగ్గురికే తెలుసు.

చివరికి నాజీ తాడుదానికే నిశ్చయించుకున్నాడు. దాన్ని కుర్చీకి తగిలించి మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. మబ్రూకా దగ్గరికి జరిగి చూసింది. ఎర్ర పిడి వేలాడుతోంది. కొడుకు లాగొద్దన్నాడు గాని, ఎంత లాగితే లాగినట్టో చెప్పలేదు. కొంచెం లాగి చూసింది.

జాకెట్టు బుస్సుమంది. వేపుడు పిండిలో ఆలివ్ నూనె కలిపి పెట్టిన గిన్నె బోర్లాపడింది. పిల్లి అలమారా ఎక్కింది.

"ముట్టుకున్నానంతే," అంది మబ్రూకా.

"ముట్టుకుంటే ఉబ్బేది మూడో రకం అత్తా. అది మనం తేలేదు," అంది దలీలా.

ఇక రెండోదే గతి. నాజీ దాన్ని తొడుక్కుని, కాఫీ కూడా ముట్టకుండా, నీళ్ల తొట్టికి దూరంగా గోడ వారన నడిచి గడప దాటాడు.

బయల్దేరినవాడి వెనక చెంబెడు నీళ్లు చల్లితే క్షేమంగా తిరిగొస్తాడు. కొడుకు వేటకు వెళ్లే ఏ రోజూ మబ్రూకా ఆ పని మానలేదు. చెంబెత్తి విసిరింది. సరిగ్గా అప్పుడే దలీలా, "రొట్టె మర్చిపోయావయ్యా," అని కేకేసింది. నాజీ వెనక్కి తిరిగాడు.

నీళ్లు నడుముకే తగిలాయి. బిళ్ల కరుగుతుందా లేదా అని అత్తాకోడళ్లు చూస్తూ నిలబడ్డారు. నాజీ కూడా తల వంచి చూశాడు. అయిదు లెక్కపెట్టేలోపు జాకెట్టు ఉబ్బి, అతని గడ్డాన్ని ఆకాశం వైపు ఎత్తింది.

"చూశావా, పనిచేస్తోంది," అంది మబ్రూకా.

మరో దారి లేక నాజీ అలాగే రేవుకు నడిచాడు.

"ఏం నాజీ, ఆక్టోపస్‌ని నువ్వు పట్టావా, నిన్ను అది పట్టిందా?" అన్నాడు మన్సూర్. అతని జాకెట్టు ఇస్త్రీ చేసినట్టు మడతగా ఉంది.

అధికారి కుర్రవాడు, పట్నం నుంచి వచ్చినవాడు. నాజీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "గ్యాసు అయిపోయింది కదా. చీటీ ఇవ్వలేను."

నాజీ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నాది ఉబ్బుతుందని నాకు తెలుసు," అన్నాడు. "వాళ్లవి ఉబ్బుతాయని ఎవరికి తెలుసు?"

అధికారి అంతవరకు ఒక్క జాకెట్టయినా ఉబ్బగా చూడలేదు. చూడాలని అతనికీ ఉంది. మన్సూర్ వద్దనేలోపు అతని ఎర్ర పిడి పట్టుకుని లాగాడు. టిక్కుమంది. ఇంకేమీ కాలేదు. విప్పి చూస్తే గ్యాసు బుడ్డి మర బిగించకుండా వదులుగా ఉంది.

"బిగించే ఇచ్చుంటారనుకున్నా," అన్నాడు మన్సూర్.

అధికారి రేవులో ఉన్న పద్నాలుగు జాకెట్లనూ విప్పించి బల్ల మీద పరిపించాడు. అన్నీ చూసేదాకా ఏ పడవా కదలదన్నాడు. నాజీ వైపు తిరిగి, "ఉబ్బిందని కంటికి కనబడేది ఇదొక్కటే. తిరిగొచ్చేదాకా విప్పనంటే చీటీ ఇస్తా, వెళ్లు," అన్నాడు.

తూర్పు తిప్ప దగ్గర ఇంకెవరూ లేరు. నాజీకి అక్కడ కొత్త సంగతి తెలిసింది. ఉబ్బిన జాకెట్టు తొడుక్కున్న మనిషి వంగలేడు, తన చేతులు తాను చూసుకోలేడు. రెండు చేతులా తాడు పట్టుకుని, ముంతల్ని ఒక్కొక్కటే కాలితో తోశాడు. ముప్పయ్యో ముంతతో పాటు తనూ పడ్డాడు.

మునగలేదు. సముద్రం మీద వెల్లకిలా తేలాడు. చేతుల్లో తాడు ఇంకా ఉంది. పిడి లాగాల్సి వస్తే ఏ చేత్తో లాగేవాడినా అని కాసేపు ఆలోచించాడు. ఇంకాసేపు ఊరికే తేలాడు. బాగానే ఉందనిపించింది. తర్వాత ఆ తాడు పట్టుకునే పడవెక్కి మిగతా ముప్పైనీ తోశాడు.

సాయంత్రం దలీలా అడిగింది. "ఇంతకీ ఏది మంచిదంటావు?"

"మా అమ్మ ఉన్న ఇంట్లో రెండూ వాటంతటవే ఉబ్బుతాయి," అన్నాడు నాజీ. నీళ్లలో పడ్డ మాట ఎత్తలేదు. తడిస్తే ఉబ్బేదానికే కొత్త బుడ్డి, కొత్త బిళ్ల తెప్పించాడు.

అవి బిగించిన నాటి నుంచి అతను పెరటి గోడ దూకి సముద్రానికి వెళ్తున్నాడు.