పదికి నాలుగు తక్కువ

ఆరు. పది ఉండాల్సిన చోట ఆరే ఉంది. పంతొమ్మిదేళ్ళ కిందట మూడు డోసులు వేయించుకున్నప్పుడు వందలు దాటిన అంకె, ఏ రోజున, ఏ మంచం పక్కన జారిపోయిందో? పెద్ద సిస్టరు జేబులోని కాగితాన్ని వేలితో తడిమి చూసుకుంది. హెపటైటిస్ బి టీకా రక్షణ సిబ్బందిలో ఎవరికి ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఆసుపత్రి వాళ్ళు అందరికీ రక్తపరీక్ష చేయించారు. డయాలసిస్ వార్డంటే రోజంతా రక్తంతోనే పని. రక్షణ తగ్గినవాళ్ళని ఇక్కడ ఉంచరని, రికార్డుల గదికి పంపేస్తారని ఆమె తనంతట తానే తేల్చేసుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నిజమైపోతుందేమోనని భయం.

వాళ్ళు పొమ్మనకముందే అన్నీ పద్ధతిగా అప్పగించి, మధ్యాహ్నం డాక్టరుగారికి కాగితం చూపించాలి. ఆ ఉదయం ఆమె అనుకున్నది అంతే.

"రాసుకో," అంది చిన్న సిస్టరుతో. "నాలుగో మంచం దర్జీ తాతకి మిషను పెట్టకముందే దుప్పటి కప్పాలి. చలేస్తోందని నోరు విప్పి చెప్పడు. కిటికీ పక్కావిడకి సూది గుచ్చేటప్పుడు మనవరాలి సంగతి అడగాలి. ఇదిగో, నా స్టూలు మీది దిండు నువ్వుంచుకో."

చిన్న సిస్టరు కలం ఆగిపోయింది. డ్యూటీ దిగేవాళ్ళు మందుల జాబితా అప్పగిస్తారు గాని దిండు అప్పగించరు.

"ఏమైందక్కా?"

"రక్తపరీక్ష వచ్చింది. నా రోజులు అయిపోయాయిలే."

పది గంటలకల్లా ఆమెకి పెద్ద జబ్బని వార్డంతా తెలిసిపోయింది. పదకొండింటికి కబురు వంటగదికి చేరేసరికి అది బాగా ముదిరింది. పన్నెండింటికి గేటు కాపలాదారు తన కుర్చీ మోసుకొచ్చి ఆమె పక్కన వేశాడు.

"ఏడేళ్ళుగా వారానికి మూడుసార్లు నా చెయ్యి నీ చేతిలో ఉందమ్మా," అన్నాడు దర్జీ తాత పడుకునే. "మా ఆవిడ కూడా అంతసేపు పట్టుకోలేదు. దుప్పటి కప్పినప్పుడల్లా ఒక మాట చెబుదామనుకునేవాణ్ణి. రేపు చెప్పొచ్చులే అని ఊరుకునేవాణ్ణి."

"నా కిడ్నీలు పనికొచ్చేవైతే ఒకటి నీకే ఇచ్చేదాన్ని తల్లీ," అంది కిటికీ పక్కావిడ.

గది మారుతున్నందుకే ఇంత బాధపడుతున్నారా అని పెద్ద సిస్టరుకి కళ్ళు నిండాయి. "ఎంత దూరమని? రెండంతస్తులు కిందికేగా వెళ్ళేది," అంది ఓదార్పుగా.

రికార్డుల గది ఉన్న అంతస్తులోనే శవాల గది కూడా ఉంది. కాపలాదారు టోపీ తీసేశాడు.

అప్పుడే కబురు విని డాక్టరుగారు రొప్పుతూ వచ్చారు. ఆమె జేబులోంచి తీసిన కాగితం లాక్కుని చదివి, కాపలాదారు కుర్చీలో కూలబడ్డారు.

"ఇదా? మొదట్లో మీకు బాగా పట్టిన టీకా కదమ్మా. ఏళ్ళు గడిస్తే అంకె తగ్గుతుంది. చాలామందికి ఒంట్లో ఆ జబ్బుతో పోరాడే జ్ఞాపకం మాత్రం ఉంటుంది. ఈ వార్డు కాబట్టి ఇంకో డోసు వేసి, నెల తరవాత మళ్ళీ చూద్దాం."

"అయితే నన్ను రికార్డుల గదికి పంపేయరా?"

"అసలు పొమ్మన్నదెవరు?"

"ఎవరూ అనలేదండి."

"నాకైతే నాలుగే," అన్నారు డాక్టరుగారు. "నిన్ననే వేయించుకున్నాను."

వార్డంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పెద్ద సిస్టరుకి ఎటు చూడాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో తను మరిచిపోయినవన్నీ వీళ్ళు ఇంత పదిలంగా దాచుకున్నారా? దర్జీ తాత ఖాళీగా ఉన్న చేత్తో తన దుప్పటి అంచు ఆమె వైపు జరిపాడు.

ఆమె స్టూలు మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, టీకా సూదికోసం చిన్న సిస్టరు ముందుకి చెయ్యి చాపింది.

దిండు లేక స్టూలు గట్టిగానే తగిలింది. దాన్ని తిరిగిచ్చే సంగతి చిన్న సిస్టరు ఎత్తలేదు.