జామచెట్టుకు కట్టిన దుప్పటి

ఆ శుక్రవారం పొద్దున జీవరాజు మాస్టారికి ఉన్న పని ఒక్కటే, చిలుకల బారి నుంచి పెరట్లో జామచెట్టును కాపాడుకోవడం. ఆదివారం చర్చిలో కోత పండుగ. ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టాలి. "ఈసారి మా ఒక్క చెట్టు నుంచే యాభై పండ్లు తెస్తాను" అని కిందటి ఆదివారం ఆయన లేచి నిలబడి మరీ చెప్పారు. ఎవరూ అడగలేదు. ఆ మాట చిలుకలకు ఎవరు చేరవేశారో గాని, మర్నాటి నుంచి గుంపులుగా దిగి, పండుకు రెండు కొరుకులు కొరికి పోతున్నాయి.

"అంతమందిలో ఆ మాట అనకపోతే ఏం పోయేదండీ?" అంది భార్య ప్రేమమణి.

"ఇంకా యాభై ఆరు ఉన్నాయి. పైన తెల్లగుడ్డ ఆడుతుంటే ఒక్కటీ వాలదు," అని ఆయన, ఆవిడ గుడివాడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్ల దుప్పటిని వెదురు గడకు కట్టి చెట్టు కొనకు బిగించారు. చిలుకలు వచ్చాయి, దుప్పటిని చూశాయి, అరుచుకుంటూ వెళ్లిపోయాయి. ఆ సంతోషంలో మాస్టారు అరుగు మీద కూర్చుని రెండో గ్లాసు టీ తాగారు.

కొంప అక్కడే మునిగింది. అవి పోలీసు చర్య రోజులు. ఇండియా సైన్యం నిజాం రాజ్యం సరిహద్దు దాటి అయిదో రోజు. బడులు మూసేశారు, పత్రిక రావడం లేదు. తిరుమలగిరిలో ఆ వీధికి రోజూ పత్రిక చదివి చెప్పేది మాస్టారే. పత్రిక లేదు కనుక జనం ఆయన ముఖమే చదువుకుంటున్నారు. నాలుగు రోజులుగా ఆయన ఒక్క గ్లాసుతో లేచి లోపలికి పోతున్నారు. ఇవాళ రెండో గ్లాసు, పైన తెల్లజెండా.

పక్కింటి దర్జీ మౌలా అలీ గోడ మీంచి అంతా చూసి భార్య జైనాబీ దగ్గరికి పరుగెత్తాడు. "సార్‌కు ఖబర్ అందింది. లడాయి ఖతమైనట్టుంది. జెండా కట్టి నిమ్మళంగ చాయ్ తాగుతుండు."

"చెట్టుకెందుకు కట్టిండు?"

"విమానంల కెళ్లి చూస్తే కనబడాలె గద. సదువుకున్నోళ్ల అక్కల్ గట్లుంటది."

దర్జీ ఇంట్లో తెల్లగుడ్డకు కరువా? ఎవరికో కుట్టాల్సిన పైజామా గుడ్డ మౌలా అలీ జామచెట్టెక్కింది. అది చూసి ఎదురింటి వాళ్లు పంచె కట్టారు, ఆ పక్కవాళ్లు దోమతెర కట్టారు. పది గంటలకు వీధిలో గుడ్డ లేని జామచెట్టు లేదు.

మాస్టారికి ఇదేమీ తెలియదు. అల్వాల్ నుంచి పాలు తెచ్చే రోసమ్మ గొంతు తగ్గించి అడిగింది. "మా అల్వాల్‌ల సుత కట్టమంటరా సార్? పంచె నడుస్తదా, దుప్పటే ఉండాల్నా?"

మాస్టారు వీధిలోకి తొంగిచూసి అదిరిపోయారు. "అది చిలుకల కోసం కట్టాను రోసమ్మా."

"గట్లనే చెప్పున్రి సార్. నేను ఎవ్వలకు చెప్ప," అని రోసమ్మ దారిపొడుగునా అందరికీ చెప్పుకుంటూ పోయింది.

"ఏవండీ, రేపు సర్కారు వాళ్లొచ్చి ముందు జెండా ఎత్తిందెవరని అడిగితే?" అంది ప్రేమమణి. మాస్టారిది సర్కారు బడిలో ఉద్యోగం. ఆయన వెంటనే స్టూలెక్కి దుప్పటి దించి, అందరికీ కనబడేలా దులిపి మడతపెట్టారు. "చూశారుగా, నాకే ఖబరూ రాలేదు. మీరూ దించేయండి."

ఎవరూ కదల్లేదు. "సార్‌ది సర్కారు నౌకరి, దించాలె మరి," అన్నాడు మౌలా అలీ. "మనకేం తక్లీఫ్?"

చిలుకలకు మాత్రం పరిస్థితి స్పష్టంగా అర్థమైంది. వీధిలో గుడ్డ లేని చెట్టు ఒకే ఒక్కటి. ప్రతి పెరట్లోంచి తరిమేసిన గుంపులన్నీ కలిసి దాని మీద దిగాయి. మధ్యాహ్నం నిద్ర లేచి మాస్టారు పెరట్లోకి వెళ్లేసరికి నేలంతా తొక్కలు, గింజలు. చెట్టున మిగిలింది ఒక్క పిందె. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఆదివారం నేను చర్చికి రాను," అన్నారు మెట్టు మీద కూలబడి.

"జ్వరమని చెప్పనా?" అంది ప్రేమమణి.

సాయంత్రం చాయ్ దుకాణం రేడియో యుద్ధం ఆగిపోయిందని చెప్పింది. వీధంతా నవ్వుకుంటూ మాస్టారింటికి వచ్చి పడింది. ఇంటికో తట్ట, తట్ట నిండా జామపండ్లు.

"రేడియో ఇప్పుడు చెప్పింది, మీరు పొద్దుగాల్నే చెప్పిన్రు," అన్నాడు మౌలా అలీ. "ఇంకోటి సార్, జెండా కట్టినంక మా చెట్ల మీద ఒక్క చిలుక వాలలే. గీ పండ్లు మీయే."

"అది చిలుకల కోసమే కట్టానయ్యా."

"ఇంక దాచుడెందుకు సార్, లడాయి ఖతమాయె గద."

ఆదివారం మాస్టారి గంప అందరికంటే పెద్దది. పాస్టరు గారు దాన్ని చూసి చేతులు జోడించారు. "ఎర్రవి, తెల్లవి, గుండ్రటివి, కోలవి. ఒక్క చెట్టుకు ఇన్ని రకాలా. దేవుని కార్యాలు మనకు అంతుపట్టవు." ప్రేమమణి మోచేత్తో పొడిచింది. నిజం చెప్పేద్దామని మాస్టారు లేచి నిలబడ్డారు, గంప వైపు ఒకసారి చూశారు, తలవంచుకుని కూర్చున్నారు.

అంత పండించి కూడా ఒక్క మాట గొప్ప చెప్పుకోలేదని సంఘమంతా మెచ్చుకుంది.