గోడకు చేరబడు సంఘం

పెద్దల ఎదుట కోడలు గోడకు చేరబడరాదన్న నియమం నిక్షేపంగా అమల్లో ఉండగానే, 1979 వేసవిలో, మలికిపురం పక్క ఊళ్ళో, రిటైర్డు హెడ్మాస్టరు ఇశ్రాయేలు గారి కొత్త కోడలు సలోమి, బి.ఏ., పట్టపగలు వంటింటి గోడకు చేరబడింది. చేరబడి ఊరుకోలేదు, కిందికీ పైకీ ఊగింది.

కారణం చిన్నదే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదికీ పప్పు రుబ్బి రుబ్బి ఆమె జబ్బ పట్టేసింది. కాలేజీలో డ్రిల్లు మేడం చెప్పిన చిట్కా మొగుడి చెవిన వేసింది. అమలాపురంలో గుమాస్తా చేసే సుందరరావు, కొత్త మొగుళ్ళంతా మల్లెపూలు పట్టుకొచ్చే వేళకి టెన్నిస్ బంతి పట్టుకొచ్చాడు. సలోమికి నవ్వాగలేదు. జబ్బకీ గోడకీ మధ్య బంతి పెట్టి దొర్లిస్తే లోపలెక్కడో ముడి వీడి, ప్రాణం తేలిపోయింది. ఇలాంటి మొగుణ్ణిచ్చినందుకు దేవుడికి అక్కడికక్కడే స్తోత్రం చెప్పుకుంది.

స్తోత్రం మధ్యలో అత్తగారు దీనమ్మ వచ్చారు.

"అదేంటమ్మా, గేదె రాటకి రాసుకున్నట్టు! మావయ్యగారు చూస్తే?"

"జబ్బ నొప్పండి అత్తయ్యగారూ. మీరూ ఓసారి పెట్టి చూడండి."

"ఇంకేం, ఇద్దరం కలిసి ఊగుదాం!"

మావయ్యగారు చూడనే చూశారు. విచారణ నిమిత్తం బంతిని స్వాధీనం చేసుకున్నారు. విచారణ తలుపులు మూసిన గదిలో, ఆయన వీపు మీదే జరిగింది. పేపరు చదివి పట్టేసిన మెడ వదిలింది. సాయంత్రానికల్లా గోడకు చేరబడడం అమర్యాద కాదు, ఆరోగ్యశాస్త్రమని తేలిపోయింది.

ఆపైన అన్నీ సక్రమంగా జరిగాయి. ఊరి మగవాళ్ళు బంతి కోసం సంఘం పెట్టారు. పేకాటలో నడుము పట్టేసినవారికి మొదటి వంతు, అరుగు మీద కునుకు తీసి మెడ పట్టేసినవారికి రెండో వంతు. ప్రారంభోత్సవంలో బంతిని దిండు మీద కూర్చోబెట్టి చామంతి దండ వేశారు. కొబ్బరితోటల ఆసామి బుల్లిరాజు గారు అధ్యక్షోపన్యాసం చేశారు.

"కష్టపడే ఒంటికే నొప్పి తెలుస్తుందండీ! మాస్టారు మెడ అరిగేలా చదివి కనిపెట్టేరీ బంతిని!"

"ఆయ్!" అంది సభ.

"మరి ఆడవాళ్ళకోనండీ?" అన్నాడు వెనక నుంచి సుందరరావు.

"నొప్పులుంటే చెప్పరేటి బాబూ? మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు!" అన్నారు అధ్యక్షులవారు.

ఊళ్ళో ఆడవాళ్ళకు నొప్పులు లేవని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. కాదనడానికి ఆడవాళ్ళెవరూ సభలో లేరు. సభవారి గారెలకు పప్పు రుబ్బుతున్నారు.

సలోమి జబ్బ మళ్ళీ బిగిసింది. పొత్రం వదిలి పెరట్లోకి వెళ్ళింది. రాలిన కొబ్బరి పిందె ఒకటి ఏరి, ముచ్చిక ఊడదీసి, జబ్బకీ గోడకీ మధ్య పెట్టింది. బంతికన్నా బాగుంది! పకపకా నవ్వింది.

వెనక దీనమ్మ నిలబడి ఉన్నారు. అటూ ఇటూ చూశారు.

"తే ఇలా. ఎడం పక్క... ఆఁ, అక్కడే. పెళ్ళైన కాణ్ణించీ ఉందే తల్లీ అక్కడ."

"మావయ్యగారికి చెప్పలేదాండీ?"

"ఆయన అడిగితే కదా!"

తీర్మానం నేటికీ అమల్లో ఉంది. తోటల్లో రాలిన పిందెలు మాత్రం మాయమవుతున్నాయి. ఎలుకల పనేనని బుల్లిరాజు గారి అనుమానం, ఉపసంఘం వేశారు. పడక్కుర్చీలో ఇది చదువుతున్నవారు, వంటింట్లో రోలు చప్పుడు ఆగితే కంగారు పడవద్దని మనవి. మీ ఇంట్లోనూ ఎవరికీ నొప్పులు లేవు కదా!