మంత్రిగారి ఒంటరి నడక

కృష్ణా డెల్టాలో కొవ్వు అన్నదే లేకుండా చేస్తానని మంత్రివర్యులు మధుసూదనరావుగారు బందరు సభలో ప్రకటించారు. క్రేనుతో వేసిన గజమాలలోంచి ప్రకటించి, కూర్చోబోయారు. కుర్చీ ఒప్పుకోలేదు. వెంటనే అభిమానులు సోఫా తెచ్చారు. దూరదృష్టి గల నాయకుడికి అభిమానులూ అలాంటివాళ్లే దొరుకుతారు.

ఆ సభ జరిగిన మైదానం గేటు పక్కన రాగిజావ బండి నాది. అందుకని ఈ మహోద్యమాన్ని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది.

ప్రజలకు ఆదర్శంగా ఉండాలని మంత్రిగారు ముందు తానే గుండె స్కానింగ్ చేయించుకున్నారు. గుడివాడ డాక్టరు దయామణిగారు ఆ రిపోర్టు తీసుకుని వచ్చేసరికి, ఆయన నా బండి దగ్గరే బెల్లం దట్టంగా వేయించుకుని జావ తాగుతున్నారు.

"సార్, రక్తనాళాల లోపల పెద్ద అడ్డేమీ లేదండి. చుట్టూ పేరుకున్న కొవ్వుతోనే ఇబ్బంది."

"చుట్టూ ఉంటే నష్టమేంటమ్మా?"

"మనిషి సన్నగా ఉన్నప్పుడు ఆ కొవ్వు మంచిదేనండి. నాళం బిగుసుకోకుండా చూస్తుంది. ఒళ్లు బాగా పెరిగితే అదే చెడిపోయి, నాళాన్ని బిగించేస్తుంది. మీ గుండె ఇప్పటికే కష్టపడుతోంది."

మంత్రిగారి కుడిభుజం నరసింహం కళ్లు తుడుచుకున్నాడు. "ఏమైనా వదలకుండా అంటిపెట్టుకునుంది. విశ్వాసం గల కొవ్వండీ!"

మంత్రిగారు నవ్వలేదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని మెల్లగా చెప్పి, "బతుకుతానా అమ్మా?" అని అడిగారు.

"రోజూ చెమట పట్టేలా నడవండి సార్. నడిస్తే గుండె మీ మాట వింటుంది."

మర్నాడు తెల్లవారేసరికి పెడన నుంచి కలంకారీ శాలువాలు, గుడివాడ నుంచి డప్పులు, అవనిగడ్డ నుంచి లారీల్లో జనం దిగారు. అడుగుకో శాలువా, మలుపుకో బందరు లడ్డు. మంత్రిగారు గేటు నుంచి నా బండి దాకా నడిచేసరికి ఎండెక్కింది.

"చెమట పట్టింది మేడమ్, రాసుకోండి!" అన్నాడు నరసింహం.

"అది శాలువాల చెమటండీ."

"చెమటకి కూడా పార్టీలేంటి మేడమ్!"

నెల తిరిగేసరికి మంత్రిగారి బరువు, ఉద్యమంతో పాటే పెరిగింది. ఈసారి దయామణిగారు ఖరాఖండిగా చెప్పారు. "ఎవరూ వెంట రాకూడదు. ఒంటరిగా నడవాలి సార్."

నరసింహం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "నేను కూడా వద్దాండీ?"

"నువ్వు కూడా వద్దయ్యా," అన్నారు మంత్రిగారు. ఆ త్యాగానికి నేను గరిటె పక్కన పెట్టి దణ్ణం పెట్టాను.

సాయంత్రానికల్లా బందరు నుంచి బంటుమిల్లి దాకా ఫ్లెక్సీలు లేచాయి. 'మన ప్రియతమ నాయకుడు రేపు ఒంటరిగా నడుస్తున్నారు. వేలాదిగా తరలిరండి!'

వచ్చారు. మంత్రిగారి ఒంటరితనానికి భంగం కలగకుండా నరసింహం ముఖ్య కార్యకర్తలందరి చేతులూ కలిపించి, ఆయన చుట్టూ వలయం కట్టించాడు. మొహాలు జనానికి, వీపులు మంత్రిగారికి. ఒక్కరు వెనక్కి తిరిగితే ఒట్టు! అంత క్రమశిక్షణ.

"నరసింహం, ఊపిరాడట్లేదయ్యా!" లోపల్నుంచి వినపడింది.

"సారుకి ఊపిరాడట్లేదంట! జనాన్ని రానివ్వొద్దు. బిగించండి!"

బిగించారు.

"దారివ్వండి, నేను డాక్టర్ని!" దయామణిగారు చేతుల మధ్య దూరబోయారు.

"ఒంటరిగా నడవమన్నది మీరేగా మేడమ్! ఇప్పుడు మీరే లోపలికెళ్తే ఎలాగండీ?"

వలయం జిందాబాద్‌లతో నా బండి పక్కకొచ్చింది. ఆ కాళ్ల మధ్య నుంచి బనీనుతో ఒక పెద్దాయన మోకాళ్ల మీద పాకుతూ వచ్చి, బండికి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా, శాలువాలూ, దండలూ లోపలే ఉండిపోయాయి. గొంతు విన్నాక గానీ మంత్రిగారని నాకూ తెలియలేదు.

దయామణిగారు నాడి పట్టుకున్నారు. "ఛాతీ ఎలా ఉందండీ?"

ఆయన గట్టిగా ఊపిరి పీల్చి వదిలారు. "వదులైందమ్మా!" చిన్నపిల్లాడిలా నవ్వారు. బెల్లం లేకుండా జావ పొయ్యమన్నారు. గ్లాసు పట్టుకుని, లేచి, నా బండి చుట్టూ చకచకా ఒక చుట్టు తిరిగారు. ఎవరూ దండ వెయ్యలేదు. ఇంకో చుట్టు తిరిగారు.

ఈలోగా వలయం మైదానమంతా తిరిగి, నినాదాలు చేస్తూ మళ్లీ మా దగ్గరికే వచ్చింది. ముందున్న నరసింహం మోచేత్తో మంత్రిగారిని పొడిచాడు.

"పక్కకి జరగవయ్యా! మంత్రిగారు ఒంటరిగా నడుస్తున్నారు!"

మంత్రిగారు గ్లాసుతో సహా పక్కకి జరిగారు.