మెడ మీద రాజముద్ర

"అభిమానులు ఆందోళన చెందవలసిన అవసరం లేదు. యువ కథానాయకుడు, 'ధీరకెరటం' రిత్విక్ గారి ఆరోగ్యం నిలకడగా ఉన్నది. వారు స్వయంగా శ్వాస తీసుకుంటున్నారు."

జూబ్లీహిల్స్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఈ ప్రకటన విడుదల చేసేసరికే గేటు ముందు ఆగిన బళ్లు ఫిల్మ్ నగర్ దాకా బారులు తీరాయి. కొబ్బరికాయలు కొట్టేవాళ్లు కొడుతున్నారు, గుండు కొట్టించుకుంటామని మొక్కుకునేవాళ్లు మొక్కుకుంటున్నారు. ఇంతకీ ధీరకెరటం గారికి వచ్చిన ఆపద ఏమిటంటే, మెడ మీద దురద.

దురదకు ఆసుపత్రిలో చేరతారా అని అడిగే పాఠకులు సినిమా పరిశ్రమ సంప్రదాయాలు తెలియనివారు. కథానాయకుడు ఓపీ చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చోవడం ఎక్కడా జరగదు. ఆయనకు తుమ్ము వచ్చినా అయిదో అంతస్తు సూట్ రూములోనే రావాలి.

చర్మవ్యాధుల వైద్యురాలు డాక్టర్ నిహారికను పిలిపించారు. గుమ్మంలోనుంచి చూడగానే ఆమెకు సంగతి దాదాపు తెలిసిపోయింది. గుండ్రటి వలయం, ఎర్రటి అంచు, అంచు మీద రేగిన పొట్టు. చూడబోతే తామర. కానీ అనుమానం వేరు, నిర్ధారణ వేరు అని నమ్మే పాతకాలపు మనిషి ఆమె, వయసు ముప్పై రెండే అయినా. పైగా మేకప్‌మ్యాన్ సలహా మీద రిత్విక్ నెలల తరబడి మందుల షాపు స్టెరాయిడ్ ట్యూబు రాస్తున్నాడు. ఆ ట్యూబు మహా మర్యాదస్తురాలు. ఎరుపును తగ్గించి మనిషిని సంతోషపెడుతుంది, జబ్బును హాయిగా పాకనిచ్చి దాన్నీ సంతోషపెడుతుంది. అందుకని వలయం అంచున కాస్త పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తానంది నిహారిక.

"గీకుతారా? మా వాడి మెడనా?" అన్నారు నిర్మాతా, కన్నతండ్రీ అయిన పట్టాభిరామయ్య గారు. "ఏంటమ్మా నువ్వు మాట్లాడేది? పాన్ ఇండియా మెడ అది!"

చివరికి పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించారు. సూట్ రూములో కొబ్బరికాయ కొట్టారు. ఒకరు క్లాప్ కూడా కొట్టారు. బ్లేడుకు కుంకుమబొట్టు పెట్టబోతే మాత్రం నిహారిక చేయి అడ్డం పెట్టింది. పొట్టును గాజుపలక మీద వేసి, మందుచుక్క వేసి, మైక్రోస్కోపులో చూస్తే దారపు పోగుల్లా కొమ్మలు వేసిన బూజు కనిపించింది. ఇక సందేహం లేదు.

ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కూడా సులువుగానే దొరికింది. రిత్విక్ చేస్తున్నది జానపద చిత్రం. అందులో యువరాజు తొడుక్కునే మఖ్మల్ కవచం అంతకుముందు మూడు సూపర్‌హిట్లలో ముగ్గురు కథానాయకులు తొడుక్కున్నది. దాన్ని ఉతికితే హిట్టు కొట్టుకుపోతుందని పరిశ్రమలో సెంటిమెంటు. అందుచేత ముగ్గురి చెమటనూ దాచిపెట్టిన ఆ కవచానికి రోజూ హారతి ఇచ్చి, నాలుగో మెడకు తగిలిస్తున్నారు.

"దీని పేరు తామర. వారాలపాటు మాత్రలు వాడాలి. ఆ ట్యూబు మానేయాలి. కవచం వేడినీళ్లలో ఉతికించాలి," అని నిహారిక చెప్పింది. గదిలో పిడుగు పడ్డట్టయింది.

ఆసుపత్రి డైరెక్టర్ కాశీవిశ్వనాథం గారు లేచి గొంతు సవరించుకున్నారు. "మన సంస్థ ప్రపంచస్థాయి సంస్థ. మన రోగులు ప్రపంచస్థాయి రోగులు. తామర అనేది బస్తీ కుళాయి దగ్గర వచ్చే జబ్బు. ఇంతటి నటుడికి అది అంటగట్టడం వైద్యశాస్త్రానికి అవమానం. డాక్టర్ నిహారిక గారు ఇంతకంటే గౌరవప్రదమైన పేరు కనుక్కోవాలని కోరుతున్నాను." అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతలో దర్శకుడు వరప్రసాద్ గారు ఆ మెడను మూడు కోణాల నుంచి చూసి, కళ్లు తుడుచుకున్నారు. "సార్, ఇది జబ్బు కాదు సార్. చంద్రవంశపు రాజముద్ర! తప్పిపోయిన యువరాజును రాజమాత గుర్తుపట్టేది దీన్ని చూసే! నా కథకి క్లైమాక్స్ దొరికింది. షెడ్యూల్ అయ్యేదాకా సైజు మారకూడదు. కంటిన్యుటీ దెబ్బతింటుంది." నిర్మాతగారు ఆయన్ని కౌగిలించుకున్నారు. జబ్బు అప్పటికప్పుడు కథలో భాగమైపోయింది.

అందరూ వెళ్లాక రిత్విక్ మెల్లగా అన్నాడు: "డాక్టర్ గారూ, రేపట్నుంచి గుర్రం మీద షాటండీ. రెండు చేతుల్లోనూ కత్తులే. గోక్కోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. మంటతో చచ్చిపోతున్నానండీ. ఆ మాత్రలేవో నాకివ్వండి, నాన్నగారికి చెప్పకండి."

నిహారికకు జాలి వేసింది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఆమె కోరుకున్నది ఒక్కటే, జబ్బు పేరు విని సిగ్గుపడకుండా మందు వేసుకునే మనిషి. ఇతను పేరుకు సిగ్గుపడ్డా మందు మింగుతానన్నాడు, అదే పదివేలనుకుంది. మాత్రలు రాసిచ్చింది. కవచం సంగతి రిత్విక్ తల్లి శారదాదేవి గారు చూసుకున్నారు. గంగాజలంతో సంప్రోక్షణ అని చెప్పి ఇంటికి తెప్పించి, గంగాజలాన్ని బాగా మరిగించి, సబ్బు వేసి ఉతికారు. షెడ్యూలు ముగిసేసరికి మెడ శుభ్రపడింది. చివరి షాట్లలో రాజముద్రను మేకప్‌మ్యాన్ కుంచెతో గీశాడు. అసలుదానికంటే అందంగా వచ్చిందని దర్శకుడు మెచ్చుకున్నారు.

సినిమా విడుదలైంది. రాజమాత వలయాన్ని ముద్దాడి "నా తండ్రీ!" అన్నప్పుడు హాళ్లలో కాగితాలు ఎగిరాయి. వారం తిరక్కుండానే మోతీనగర్ నుంచి మాదాపూర్ దాకా మెడ మీద ఎర్రటి వలయం లేని కుర్రవాడు నామోషీగా తిరగవలసి వచ్చింది.

అలాంటి రోజుల్లో బోరబండ ఆటోడ్రైవర్ శ్రీకాంత్ ఓపీకి వచ్చి, చొక్కా కాలరు దించి మెడ చాపాడు.

"గీకుండ్రి మేడమ్. మైక్రోస్కోపుల జూడుండ్రి."

ఎవరూ అడక్కుండానే పరీక్ష కావాలన్న రోగిని నిహారిక అప్పటిదాకా చూడలేదు. ఆనందంగా గీకింది, చూసింది, చెప్పింది. "తామరే. భయం లేదు, మందులు రాస్తాను."

"మందులా? మందులెందుకు మేడమ్!" శ్రీకాంత్ మెడ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మా స్టాండుల అందరియి పెయింటే. నాదొక్కటే ఒరిజినల్. గదే జర కాగితం మీద రాసి సంతకం పెట్టుండ్రి, చాలు."

జబ్బు పేరు విని సిగ్గుపడని మనిషి ఆమెకు ఎట్టకేలకు దొరికాడు. ఆమె ఎంత చెప్పినా మాత్రలు మాత్రం బల్ల మీదే వదిలి, బయటకు వెళ్లి అందరికీ లడ్డూలు పంచాడు. వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గీకించుకున్నారు. ఏమీ లేదని తేలినవాళ్లు "ఇంకోసారి చూడండి మేడమ్" అని బతిమాలారు. ఒకాయన ల్యాబ్ మీద కేసు వేస్తానన్నాడు. కాశీవిశ్వనాథం గారు ఈ పరీక్షకు 'రాజముద్ర ప్యాకేజీ' అని బోర్డు పెట్టించారు.

సాయంత్రానికి నిరాశపడ్డవాళ్లందరూ ఆటోస్టాండు చేరి, శ్రీకాంత్ మెడలోని తువ్వాలు ఒక్కసారి ఇమ్మని బతిమాలుతున్నారు. అతను ఉదారంగా అందరికీ ఇస్తున్నాడు. ఆ గుంపు చివర, ఇస్త్రీ చొక్కా నలగకుండా, ఇలాంటి కథలు చదివి నవ్వుకునే పెద్దమనిషి ఒకరు తన వంతు కోసం నిలబడి ఉన్నారు. ఎవరో మనకు తెలుసు, పేరు చెప్పడం మర్యాద కాదు.