నాలుగుకీ పదికీ మధ్య

ఆ రోజు పొద్దున తోకచుక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. డెబ్బై కిలోమీటర్ల దారిలో అరవై తొమ్మిది కిలోమీటర్లు ఎవరి కంటా పడకుండా గుంపు మధ్యలో నక్కి ఉండటం, మిగిలిన ఒక్క కిలోమీటరూ ఊపిరి బిగపట్టి తొక్కి మొదటి పదిమందిలో పడటం. మొదటి స్థానం గురించి ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు. పది చాలు. పదకొండైతే మాత్రం కొంప మునిగినట్టే.

అది పద్దెనిమిదేళ్ళ లోపు అమ్మాయిలకు పెట్టిన మూడు రోజుల సైకిల్ పోటీ. మొదటి రోజు ఆమెది నలభై ఆరో స్థానం. రెండో రోజు దారిలో పంక్చరై, క్లబ్బు మెకానిక్ వెనక చక్రం మార్చి ఇచ్చాక యాభై ఒకటి. ఎప్పుడూ గుంపు చివర వేలాడుతుందని జట్టులో అందరూ కలిసి తోకచుక్క అనే పేరు ఖాయం చేశారు. నిన్న సాయంత్రం కోచ్ ఆమెను పక్కకు పిలిచి సంగతి తేల్చేశాడు.

"చూడమ్మా, ఆ సైకిల్ క్లబ్బుది. రేపు పదిలోపు వచ్చావా, నీ దగ్గరే ఉంటుంది. రాలేదా, సోమవారం ఇంకో పిల్లకి ఇచ్చేస్తా. నాకు నీ మీద కోపం లేదు. నా దగ్గర సైకిళ్ళు లేవు, అంతే."

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున లాడ్జి గదిలో అరవై నాలుగో నంబరు గుడ్డను చొక్కాకు పిన్నులతో పెట్టుకుంది, వంకరగా ఉందని తీసింది, మళ్ళీ పెట్టుకుంది. నీళ్ళ సీసా నింపింది, ఒంపేసింది, నింపింది. చివరికి గదిలో ఊపిరాడక వరండాలోకి వచ్చేసరికి, తల్లి నేలమీద మోకాళ్ళతో పాకుతూ కుట్టు టేపు పరుస్తోంది.

తల్లి కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. యంత్రమన్నది ఏదైనా సరే, చేయాల్సినదానికన్నా తక్కువ పని చేస్తే ఆమెకు అన్నం సయించదు. వచ్చిన రెండు రోజుల్లోనే లాడ్జి లిఫ్టు తలుపునూ, పక్కగదివాళ్ళ కుళాయినీ దారిలో పెట్టింది. పక్కగదివాళ్ళు అడగలేదు.

"ఏం పడిపోయిందమ్మా?" అంది కూతురు.

"ఏం పడలేదు. ఇటు రా, నీ సైకిల్ గురించి ఒక మాట..."

"సాయంత్రం చెప్పమ్మా! నా మేజోడు ఒకటి కనబడట్లేదు."

"నిమిషం పట్టదే..."

"సాయంత్రం!"

మేజోడు ఆమె కాలికే ఉంది. అది గమనించేసరికి బయలుదేరే వేళ దాటిపోతోంది, ఇక తల్లి మాట ఆమెకు గుర్తు కూడా లేదు.

మధ్యాహ్నం పోటీ మొదలైంది. పథకం ఇరవై కిలోమీటర్ల దాకా చక్కగా నడిచింది. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర పెద్ద దిగుడు. దిగుళ్ళంటే ఆమెకు నరకం. అందరూ దూసుకుపోతుంటే ఆమె కాళ్ళు మాత్రం పట్టు దొరక్క గాలిలో గింగిరాలు తిరుగుతాయి. ఈసారి అలా జరగలేదు. గేరు మీట నొక్కింది, చైన్ టక్కుమని ఎక్కడో కుదురుకుంది, పాదాల కింద గట్టి నేలలాంటిదేదో దొరికింది. ఒకరిని దాటింది, ఐదుగురిని దాటింది, చూస్తుండగానే గుంపు ముందువరసలో తేలింది.

"తోకచుక్కా! నువ్వేంటే ఇక్కడ?" అంది జట్టు కెప్టెన్ కళ్ళు పెద్దవి చేసి.

అదే అర్థం కాక తోకచుక్క వంగి వెనక చక్రం వైపు చూసింది. చైన్ ఆఖరి పళ్ళచక్రం మీద ఉంది. అన్నిటికన్నా పెద్ద గేరు అదే.

ఈ వయసు పిల్లలు మరీ పెద్ద గేరు వాడితే మోకాళ్ళు పాడవుతాయని దానికి ఒక హద్దు పెట్టారు. అందుకే క్లబ్బు మెకానిక్ గేర్ల దగ్గర చిన్న స్క్రూ ఒకటి బిగించి, చైన్ ఆఖరి పళ్ళచక్రం మీదకు పోకుండా కట్టడి చేశాడు. ఆ స్క్రూ జోలికి పోతే వేలు విరుస్తానని కోచ్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు. వరండాలో టేపు, "సైకిల్ గురించి ఒక మాట" ఇప్పుడు వరసగా గుర్తొచ్చి ఆమెకు ముచ్చెమటలు పోశాయి. అమ్మ స్క్రూ విప్పేసింది!

ఆ గేరు వాడనని ఒట్టు పెట్టుకున్నా లాభం లేదు. పోటీ అయ్యాక సైకిల్‌ను పెద్ద గేరులో పెట్టి, పెడల్ ఒక్క చుట్టు తిరిగేదాకా వెనక్కి నడిపిస్తారు. అది నేలమీద గీసిన రెండు సుద్దగీతల మధ్య ఆగాలి. దాటిందంటే ఆ మనిషి పోటీలో లేనట్టే. వాడావా లేదా అని ఎవరూ అడగరు. అయితే అందరి సైకిళ్ళూ కొలవరు. మొదటి ముగ్గురివీ, మిగతావాళ్ళలో చీటీ తీసి ఇద్దరివీ కొలుస్తారు.

తోకచుక్క తొక్కుతూనే లెక్క వేసుకుంది. మూడులోపు వస్తే పట్టుబడుతుంది. పది దాటితే సైకిల్ పోతుంది. అంటే నాలుగుకీ పదికీ మధ్య రావాలి. నిన్నటిదాకా ముందుకు పోలేక ఏడ్చిన పిల్లకు ఇప్పుడు ముందుకు పోతానేమోనన్న బెంగ పట్టుకుంది.

ముందు చేయాల్సిన పని వెనకబడటం. మెల్లగా జారుతూ జారుతూ గుంపు వెనక వచ్చే జట్టు కారు పక్కకు చేరింది. మెకానిక్‌తో రహస్యంగా చెప్పి, కారు కిటికీలోంచే స్క్రూ బిగించమందామని ఆమె ఆశ. కానీ కిటికీలో ముందు కోచ్ తల ఉంది.

"నీళ్ళకొచ్చావా? బంగారు తల్లివి. అందరికీ పట్టుకెళ్ళు," అంటూ ఆయన ఆరు సీసాలు ఆమె చొక్కాలో వీపు మీదా జేబుల్లోనూ కుక్కేశాడు. ఆమె సంచిలా ఉబ్బిపోయింది.

అప్పుడే వెనక సీటులోంచి మెకానిక్ తల బయటపెట్టాడు. "అన్నట్టు తోకచుక్కా, నీ వెనక చక్రం..."

పట్టేశాడు! ఆ పిల్ల మిగతా మాట వినలేదు. ఆరు సీసాలతో సహా బాణంలా దూసుకుపోయింది. కారు తన వెంట పడుతోందేమోనన్న భయంతో మొత్తం గుంపును దాటింది, కెప్టెన్‌ను కూడా దాటింది, ఆ ముందు వంద గజాల్లో పోతున్న నలుగురి దగ్గరికి చేరాకగానీ వెనక్కి తిరిగి చూడలేదు. చూసేసరికి రైలు గేటు పడిపోయింది. గేటుకు అవతల గుంపు, కార్లు, మెకానిక్. ఇవతల ఆమె, ఆ నలుగురు. అది గూడ్సు రైలు, పెట్టెలకు అంతే లేదు.

మొదట గుండె ఆగినా, లెక్క చూసుకుంటే ప్రాణం లేచివచ్చింది. మొత్తం ఐదుగురు. వీళ్ళ వెనకే బుద్ధిగా పోతే ఐదో స్థానం. ఇంతకన్నా ఏం కావాలి? ఈ నలుగురూ క్షేమంగా గీత దాటితే చాలు. వాళ్ళ క్షేమం కోసం ఆమె సీసాలు పంచడం మొదలుపెట్టింది.

"తాగండక్కా, చల్లగా ఉన్నాయి."

ముందున్న పొడుగమ్మాయి సీసా వంక చూసింది, ఆమె మొహం వంక చూసింది. "మాకెందుకిస్తున్నావ్?"

"మీరు గెలవాలని."

పోటీలో ఆ మాట ఎవరు నమ్ముతారు? "ఇందులో ఏదో కలిపింది. ముట్టుకోకండి," అంది పచ్చచొక్కా అమ్మాయి. నలుగురూ ముట్టుకోలేదు. పైగా ఆమె దగ్గర ఏదో ఎత్తు ఉందని భయపడి ఇంకా వేగం పెంచారు.

తిండి అందించే చోట పిల్లల ఇళ్ళవాళ్ళు సంచులతో రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉన్నారు. కూతురు ముందువరసలో రావడం చూసి తల్లి సంచి అందించడం కూడా మర్చిపోయింది.

"ఏం చేశావమ్మా!" అని అరిచింది కూతురు ఏడుపు గొంతుతో.

"నచ్చిందా?" అని అంతకన్నా గట్టిగా అరిచింది తల్లి, మొహం మతాబులా వెలిగిపోతుండగా.

సంచి తల్లి చేతిలోనే ఉండిపోయింది, కూతురు మలుపు తిరిగింది.

యాభయ్యో కిలోమీటరు దగ్గర నలుగురిలో ఒకమ్మాయికి పంక్చరైంది. "ఆగుదామా అక్కా, పాపం!" అని తోకచుక్క బతిమాలింది. ఎవరూ వినలేదు. ఇంకా నలుగురు ఉన్నారు, నాలుగో స్థానం ఉంది, ఫరవాలేదనుకుంది. అరవయ్యో కిలోమీటరు దగ్గర ఇంకో అమ్మాయికి నీళ్ళు తాగక పిక్కలు పట్టేశాయి. తోకచుక్క చెయ్యి వేసి వీపు మీద నెట్టబోయింది, ఆ పిల్ల కెవ్వుమని అరిచి ఆగిపోయింది. మిగిలింది పొడుగమ్మాయి, పచ్చచొక్కా, తను. ఎంత వెనకబడ్డా మూడు.

గేటు దాటి వచ్చిన జట్టు కారు ఇప్పుడు వెనకే ఉంది. కోచ్ నడుము దాకా కిటికీలోంచి బయటికొచ్చి చేతులూపుతున్నాడు. "తొక్కు తల్లీ! నీదే! తొక్కు!" మూడేళ్ళలో ఆయన ఆమె కోసం అంతలా అరిచింది అదే మొదలు.

చివరి కిలోమీటరు రాగానే ఆమె బ్రేకు నొక్కింది. వాళ్ళిద్దరూ పోతే, వెనక గుంపు వచ్చేదాకా ఆగవచ్చని. కానీ వాళ్ళు పోలేదు. తమ వెనక నక్కి ఉండి ఆఖరి క్షణంలో మీదకు దూకుతుందని అనుమానపడి, వాళ్ళూ బ్రేకు నొక్కారు. ఆమె ఇంకా నెమ్మదించింది. వాళ్ళూ నెమ్మదించారు. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ పాకుతున్నారు. కాలిబాట మీద చేతికర్రతో నడుస్తున్న ముసలాయన ముగ్గురినీ దాటి వెళ్ళిపోయాడు.

"దయచేసి పొండక్కా," అంది తోకచుక్క.

"నీ వేషాలు మా దగ్గరా?" అంది పొడుగమ్మాయి పళ్ళు బిగించి.

ఇంతలో వెనక హోరు వినిపించింది. గుంపు! డెబ్బైమంది! ఆమె నెత్తిన పాలు పోసినట్టయింది. ఇక అందులో కలిసిపోయి ఏ ఆరో ఏడో అయిపోవచ్చు. కానీ ఆ హోరుకు పచ్చచొక్కా అదిరి దూసుకుపోయింది, పొడుగమ్మాయి వెంటపడింది, వెనక నుంచి కెప్టెన్ గొంతు చించుకుంది. "పోవే! పో!"

ఆ అరుపుకు కాళ్ళు బుర్రను అడగలేదు. చైన్ ఆఖరి పళ్ళచక్రం మీద పడింది. పొడుగమ్మాయి పక్కకు వచ్చింది, వెనక్కి పోయింది. పచ్చచొక్కా పక్కకు వచ్చింది, వెనక్కి పోయింది. ఎదురుగా తెల్లగీత, దానికి ముందు ఎవరూ లేరు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. తర్వాత సుద్దగీతలు గుర్తొచ్చాయి.

పక్క కంచె వైపు ఒదిగి, రెండు బ్రేకులూ నొక్కి, గీతకు మూడు గజాల దూరంలో కాలు కింద పెట్టి నిలబడింది.

జనం నోళ్ళు తెరిచారు. ఆమె లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు. హమ్మయ్య! నాలుగు. ఇక పోవాలి. పెడల్‌కు కొక్కెంలా పట్టుకోవాల్సిన బూటు తగులుకోలేదు. ఐదు, ఆరు. జారింది. ఏడు, ఎనిమిది. మళ్ళీ జారింది. తొమ్మిది. బూటు సంగతి వదిలేసి, సైకిల్‌ను మధ్యలో ఇరికించుకుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ గీత దాటింది.

పది.

కోచ్ వచ్చాడు. "అక్కడ నిలబడి ఏం చేస్తున్నావ్?" అన్నాడు, జబ్బుమనిషిని పలకరించినట్టు.

"లెక్కపెడుతున్నా సార్. పదిలోపే వచ్చాను కదా?"

ఇంతలో రిఫరీ హెల్మెట్‌లోంచి చీటీలు తీసింది. మొదటిది ఇరవై రెండు. రెండోది అరవై నాలుగు.

అది తోకచుక్క నంబరే. తల్లి, కోచ్, మెకానిక్ వెంట రాగా సైకిల్‌ను సుద్దగీతల దగ్గరికి తనే నడిపించుకెళ్ళింది. రిఫరీ చైన్‌ను ఆఖరి పళ్ళచక్రం మీదకు వేసి, సైకిల్‌ను వెనక్కి నడిపింది. పెడల్ ఒక చుట్టు తిరిగింది. చక్రం రెండో గీతకు నాలుగు వేళ్ళ ఇవతల ఆగింది.

"సరిగ్గా ఉంది. తర్వాత ఎవరు?"

"ఇంకోసారి చూడండి మేడమ్," అంది తోకచుక్క.

"అనుమానం నాకుండాలమ్మా, నీకెందుకు?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "నిన్న నీకిచ్చిన చక్రంలో అన్నీ మీ వయసుకి తగ్గ గేర్లే. దానికి స్క్రూ కట్టడి అక్కర్లేదు. విప్పడం మర్చిపోయా. అదే చెప్పబోతే పారిపోయావ్."

తోకచుక్క తల్లి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలియకుండా ముట్టుకుంటానా? ఎంత దూరం రావచ్చో రూల్సు కాగితం మీద రాసుంది. వరండాలో టేపు పెట్టి మూడుసార్లు కొలిచాకే విప్పాను. చెప్పబోతే సాయంత్రం అన్నావ్." తల్లి గడియారం చూసుకుంది. "సాయంత్రమైంది, చెప్పాను."

తోకచుక్క సైకిల్ పక్కనే నేలమీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సైకిల్ దక్కింది. అది కావాలనే వచ్చింది. కానీ ఆ తెల్లగీత ముందు ఎవరూ లేని ఆ ఒక్క క్షణం గుర్తొచ్చింది. అది ఆమె న్యాయంగా సంపాదించుకున్న క్షణం. తన చేతులతోనే ఆపేసింది. కోచ్ ఆమె తలమీద చెయ్యి పెట్టి, తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక అలాగే ఉంచేశాడు.

తల్లి మాత్రం అప్పటికే సైకిల్ ముందు గొంతుక్కూర్చుని, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది.

"బ్రేకులు మరీ బాగా పడుతున్నాయి, కాస్త వదులు చేస్తాను."