ఎవరూ అనుమానించని సామ్రాజ్యం

నూటపద్నాలుగు నవలల్లో హంతకులను పట్టించిన ఔత్సాహిక పరిశోధకుడు మార్తాండ్, నూటపదిహేనో నవల అచ్చు కాక ఖాళీగా ఉన్నందున, ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం కంచర్లపేట పోలీస్ స్టేషన్‌లో డిప్యుటేషన్ మీద చేరాడు. పుస్తకంలోంచి వచ్చిన మనిషి కాబట్టి హాజరు యంత్రం మీద వేలిముద్ర పడలేదు. బదులుగా అట్ట మీది బొమ్మను జిరాక్స్ తీసి రిజిస్టర్‌కు జతచేశారు. వృత్తిరీత్యా వృక్షశాస్త్రం లెక్చరర్ అని సర్వీసు కాగితాల్లో ఉంది. అన్ని నవలల్లోనూ కలిపి ఒక్క క్లాసు చెప్పిన దాఖలా లేదు గానీ, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

అతను చేరిన మూడో రోజు పొద్దున సామ్రాజ్యం ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చింది. ఆమె గొల్లల వీధిలో బట్టలు కుడుతుంది. బడి తెరిచేలోపు నలభై రెండు జతల యూనిఫాం కుట్టి ఇస్తానని హెడ్‌మాస్టరుకు మాటిచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ఎదురింటి నాంచారయ్య రిక్షా పిలిపించి, వీధి వీధంతా చూస్తుండగా ఆమె కుట్టుమిషను ఎక్కించుకుపోయాడు.

"ఎక్కించుకోని ఎక్కడికీ పోలేదయ్యా. వాళ్ల వసారాలోనే పెట్టుకున్నాడు. ఆ టకటక మా ఇంట్లోకి వినపడతా ఉంది" అంది.

హెడ్ కానిస్టేబుల్ కుటుంబరావు టోపీ పెట్టుకుని లేచాడు. మార్తాండ్ చెయ్యెత్తి ఆపాడు.

"అందరూ చూశారంటే అతను దొంగ కాడు. మొదటి అధ్యాయంలో కనిపించినవాడు ఎప్పుడూ దొంగ కాడు."

"మిషను ఆయనింట్లోనే ఉందిగా బాబూ!"

"ఎవరో తెచ్చి పెట్టారు" అన్నాడు మార్తాండ్, నోట్ బుక్‌లో రాసుకుంటూ.

పరిశోధన మొదలైంది. భూతద్దంతో రిక్షా చక్రాల గుర్తులు చూశారు. అవి నాంచారయ్య గుమ్మం దగ్గరే ఆగాయి. మరీ ఇంత సూటిగా ఆగడం మార్తాండ్‌కు నచ్చలేదు. ఐదో రోజున నాంచారయ్యే విసుగు పుట్టి స్టేషన్‌కు వచ్చాడు. "నేనేనండీ తీసకపోయింది. మా బామ్మర్ది కుట్టుపని నేర్చుకుంటానంటే తెచ్చా. ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాడు. మార్తాండ్ అతని భుజం తట్టి, టీ తెప్పించి పంపేశాడు. ముందుగా నేరం ఒప్పుకున్నవాడు ఎవరినో కాపాడుతున్నాడని అర్థం. ఎవరిని అన్నదే ఇక తేలాల్సింది.

సామ్రాజ్యానికి తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ పొద్దున్నే స్టేషన్‌కు రావడం, గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకోవడం, పోవడం. కత్తిరించిన ఖాకీ నిక్కరు ముక్కలు మంచం మీద అలాగే పడి ఉన్నాయి. బడి తెరవడానికి పదకొండు రోజులుంది.

నియమం ప్రకారం అనుమానాల రిజిస్టరు తెరిచారు. కుటుంబరావు వీధిలోని ముప్పై ఒక్క గడపా ఎక్కి, ఎవరికి ఎవరి మీద అనుమానమో రాసుకున్నాడు. పాలాయన నీళ్లు కలుపుతాడని ఇద్దరికి అనుమానం. కరెంటాఫీసు గుమాస్తా భార్యకు భర్త మీదే అనుమానం. దేని గురించి అనుమానమో రాసుకునే గడి రిజిస్టర్‌లో లేదు కాబట్టి అన్నీ చెల్లాయి. నాంచారయ్యకు ముప్పై ఓట్లు వచ్చాయి. అందరూ అనుమానించినవాడు దొంగ కాడు కాబట్టి, అతను నిర్దోషి అని మార్తాండ్ లిఖితపూర్వకంగా ధ్రువీకరించాడు.

చివరి అధ్యాయంలో అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టాలి. స్టేషన్‌లో హాలు లేదు. కల్యాణమండపానికి వరసగా పెళ్లిళ్లున్నాయి. నాలుగు రోజులయి మూఢం వచ్చాక గానీ ఖాళీ దొరకలేదు. మార్తాండ్‌కు మంజూరైన ఒక్క సిగారునూ, మండపంలో పొగ తాగకూడదని బోర్డు ఉన్నందున, వెలిగించకుండానే చేతిలో పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. ముప్పావుగంట మాట్లాడాడు.

"ఈ రిజిస్టర్‌లో ఒక్క అనుమానం కూడా పడని పేరు ఒకే ఒక్కటి ఉంది" అని ఆగాడు. "సామ్రాజ్యం!"

మండపం ఉలిక్కిపడింది. ఆ తర్వాత చప్పట్లు కొట్టింది. నిజమే, ఎవరికీ తట్టనే లేదు.

"నా మిషను నేనెందుకు దొంగతనం చేసుకుంటానయ్యా? తినే అన్నం మీద ఒట్టు, ఎవరన్నా చెప్పండయ్యా!" అని సామ్రాజ్యం మొత్తుకుంది.

"నాకూ మొదట అర్థం కాలేదమ్మా. అంత తెలివైన పథకం" అన్నాడు మార్తాండ్ మెచ్చుకోలుగా.

వీధిలో వాళ్లందరికీ ఆమె అంటే ప్రాణం. అందుకే ఒక్కరూ ఆమెను అనుమానించలేదు. ఇప్పుడు అనుమానిద్దామన్నా రిజిస్టరు మూసేశారు. "నేను మాత్రం ఏం చెయ్యనమ్మా, పై నుంచి వచ్చిన మనిషాయన" అని కుటుంబరావు నేల చూపులు చూశాడు.

అరెస్టయిన రెండో రోజుకి ఆమెకు బెయిలు వచ్చింది. మిషను సాక్ష్యం కాబట్టి, కేసు తేలేదాకా నిర్దోషిగా రుజువైన పౌరుడి దగ్గర భద్రపరచాలన్నారు. ఆ వీధిలో అలాంటి ధ్రువపత్రం నాంచారయ్య ఒక్కడికే ఉంది. బామ్మర్దికి ఇంకా సూదిలో దారం ఎక్కించడమే రాలేదు. హెడ్‌మాస్టరు కబురు మీద కబురు పెడుతున్నాడు. నాంచారయ్యే పిలిచి, తన వసారాలో కూలికి కుట్టమన్నాడు. సామ్రాజ్యం వెళ్లింది. మిషను ఆమె చేతికి తెలిసిన మిషనే. బడి తెరిచే నాటికి నలభై రెండు జతలూ అందాయి, కొలతల్లో ఎక్కడా తేడా లేదు.

మార్తాండ్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు.

తర్వాతి నెలలో ఒకరోజు పక్కింటి రత్తమ్మ ఏడుస్తూ, సామ్రాజ్యం ఇంకా కూలికి కుడుతున్న వసారా ముందుకొచ్చింది. పాలాయన కొడుకు ఆమె కళ్లముందే మేకను తోలుకుపోయాడు.

"స్టేషనుకి పోతన్నా అక్కా."

"నీ మీద ఎవరికన్నా అనుమానం ఉందా?" అని అడిగింది సామ్రాజ్యం.

రత్తమ్మ ఆలోచించింది. పాత అనుమానం పాత రిజిస్టర్‌తోనే పోయింది. ఇప్పుడు ఎవరికీ లేదు. భయంతో ఆమె ఏడుపు ఆగిపోయింది.

"అయితే నువ్వు పెట్టుకో అక్కా, నా మీద. నీకు పుణ్యముంటది."

సామ్రాజ్యం పెడల్ ఆపకుండానే సరేనంది.